మూడున్నర మీటర్లు

పిల్లలూ! నేను లెక్కల మాస్టరుగా బడిలో చేరి, హెడ్మాస్టరుగా పని విరమించినవాణ్ణి. ఇతరుల తప్పులు దిద్దటమే నా వృత్తి. ఎర్రసిరా ఎన్ని సీసాలు ఖర్చు చేశానో నాకే తెలియదు. అటువంటి నేను ఈ మధ్య 420 రూపాయల బిల్లు ఒకటి చేత పట్టుకుని చూసి కూడా, అందులో తప్పు కనిపెట్టలేక, డబ్బు ఇచ్చి పంపేశాను. ఆ సంగతి మీకు చెప్పాలని ఉన్నది.

మా మనవరాలు తొమ్మిదవ తరగతి చదువుతున్నది. కిందటి వేసవి సెలవులలో తలా ఒక చిన్న వెబ్ పేజీ తయారు చేసుకు రమ్మని వాళ్ల కంప్యూటరు మాస్టారు చెప్పారట. మా పిల్ల కాలిక్యులేటరు చేస్తానన్నది.

"అది బజారులో దొరుకుతుంది, ఫోనులోనూ ఉన్నది. మళ్లీ చెయ్యటం దేనికి?" అన్నాను.

"దొరికేదాని లోపల ఏం జరుగుతుందో తెలియదుగా, తాతయ్యా!" అన్నది.

ఈ జవాబు నాకు చాలా నచ్చింది. కాని పైకి అనలేదు. హెడ్మాస్టర్లకు ఉండే దురలవాట్లలో ఇది ఒకటి.

నాలుగు రోజులు తంటాలు పడి పేజీ తయారు చేసింది. పక్కపక్కన రెండు గడులు, వాటి కింద కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగారం అని నాలుగు బటన్లు, అడుగున జవాబు. గడులూ, రంగులూ ఎక్కడ ఉండాలో చెప్పే భాష వేరు, లెక్క చేసే భాష వేరు. లెక్క చేసే భాష పేరు జావాస్క్రిప్టు. బ్రెండన్ ఐక్ అనే ఆయన దాని మొదటి రూపాన్ని 1995లో పది రోజులలో తయారుచేశాడు. దానికి కొన్ని వింత అలవాట్లు ఉన్నాయి. వాటిలో ఒకటి మాకు మొదటిరోజే తెలిసింది. మొదటి గడిలో 5, రెండవ గడిలో 3 వేసి కూడిక నొక్కితే జవాబు 53 అని వచ్చింది!

నేను పకపకా నవ్వాను. మనవరాలికి కోపం వచ్చింది. తరవాత పుస్తకం చూసి విషయం చెప్పింది. గడిలో మనం కొట్టినది యంత్రానికి అంకె కాదు, ఒట్టి అక్షరం. "రామ" పక్కన "య్య" పెడితే రామయ్య అయినట్టు, 5 పక్కన 3 పెడితే 53 అవుతుంది. ముందు ఆ అక్షరాన్ని అంకెగా మార్చాలి. అందుకు జావాస్క్రిప్టులో "పార్స్‌ఫ్లోట్" అనే ఆజ్ఞ ఉన్నది. అది పెట్టగానే 5, 3 కలిసి 8 అయాయి. ఇంటిల్లిపాదీ తలా ఒక లెక్క చేసి చూశాం. అన్నీ సరిగా వచ్చాయి. ఆ పేజీని మా పిల్ల వీధిలో అందరి ఫోన్లలోనూ పెట్టేసింది.

మా వీధి మొగలో ఒకావిడ బట్టలు కుడుతుంది. ముప్ఫై ఏళ్ల కిందట నా దగ్గర ఆరవ తరగతి చదువుకున్న పిల్లే. జూన్‌లో బడులు తెరిచే ముందు ఆమెకు ఊపిరి సలపదు. యూనిఫారం గుడ్డ తానే టోకున తెచ్చి, కొలిచి ఇచ్చి, కుట్టి పెడుతుంది. గుడ్డ ఖరీదు వేరు, కుట్టుకూలి వేరు. అదివరకు లెక్కలు పాత నోటుపుస్తకంలో చేసుకునేది. ఈసారి మా పిల్ల చేసిన కాలిక్యులేటరు మీద చేసింది.

జూలైలో ఒక సాయంకాలం ఆమె నోటుపుస్తకం పట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, ఒక్కసారి ఈ లెక్క చూసి పెడతారా?"

"ఏమ్మా, ఏమొచ్చింది?"

"28 మీటర్ల గుడ్డ తెచ్చానండీ. మీటరు 120 చొప్పున 3,360 కట్టాను. మీటరు 140 చొప్పున వేశాను. గుడ్డంతా అమ్ముడయింది. తీరా చూస్తే గుడ్డ తాలూకు డబ్బు 3,360 మాత్రమే ఉన్నది. లాభం ఏమైపోయిందో అంతు పట్టటంలేదు."

"ఎవరైనా బాకీ పడ్డారా?"

"లేదండీ. అందరూ బిల్లు ప్రకారం ఇచ్చేశారు. నేనే రెండు రాత్రులుగా కూడుకుంటున్నాను." కొంచెం ఆగి, "నాకు లెక్కలు రావని మీరు అప్పుడే అన్నారు గదండీ!" అన్నది.

ఈ మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు. రేపు బుధవారం అన్నంత మామూలుగా అన్నది. ఆ మాట అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. అనలేదని చెప్పే ధైర్యం కూడా లేదు.

బిల్లుల పుస్తకం తిప్పాను. ఎనిమిది బిల్లులున్నాయి. అన్నిటిలోనూ లెక్క ఒకటే: 3 1/2 మీటర్లు, మీటరు 140, మొత్తం 420. పైనుంచి మూడవ బిల్లు మా ఇంటిదే!

మీరు నోటితోనే చెప్పగలరు. మూడు నూటనలభైలు 420. అరమీటరుకు 70. మొత్తం 490 కావాలి. ఒక్కొక్క బిల్లులో 70 రూపాయల చొప్పున ఎనిమిదింటిలో 560 రూపాయలు పోయాయి. 3,360కి ఆ 560 కలిపితే, 28 మీటర్లకూ రావలసిన 3,920 సరిగ్గా వస్తుంది. ఆమె లాభం యావత్తూ ఆ అరమీటర్లలోనే ఉన్నది.

మరి నేను ఆ బిల్లుకు డబ్బెట్లా ఇచ్చాను? "ఫోనులో వేశానండీ" అని ఆమె అన్నది. ఆ మాట వినగానే నా బుర్ర పనిచెయ్యటం మానేసింది. అంతే జరిగింది.

మనవరాలిని పిలిచాను. మొదటి గడిలో 3 1/2 అని, రెండవ గడిలో 140 అని కొట్టించాను. హెచ్చవేత నొక్కితే 420 అని ఠక్కున వచ్చింది. గంట మోగలేదు, ఎర్రరంగు వెలగలేదు, అనుమానం లవలేశమైనా కనిపించలేదు.

పార్స్‌ఫ్లోట్ చేసే పని ఏమిటంటే, ఎడమవైపు నుంచి అంకెలు చదువుకుంటూ పోతుంది. అంకెలో భాగం కానిది తగలగానే అక్కడ ఆగి, అప్పటికి చదివిన దానినే ఇచ్చేస్తుంది. మిగతా ముక్క గురించి పెదవి విప్పదు. 3 తరవాత ఖాళీ, దాని వెనక 1/2 వచ్చేసరికి, 3 తీసుకుని సగాన్ని గాలికి వదిలేసింది. 1,250 అని కామాతో రాస్తే 1 మాత్రమే తీసుకుంటుంది. 850లో చివరి సున్నకు బదులు ఇంగ్లీషు ఓ అక్షరం పడితే 85 అనుకుంటుంది. ప్రశ్నలో మొదటి పంక్తి మాత్రం చదివి జవాబు రాసేసి, అందరికన్న ముందు పేపరు ఇచ్చి వెళ్లిపోయే కుర్రవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడే, అచ్చంగా వాడే!

మా పిల్ల మొహం కందిపోయింది. "పాయింటు పెట్టి 3.5 అని కొట్టాలి, అత్తా. మీరు 3 1/2 అని కొట్టారు. అందుకని తప్పు వచ్చింది," అన్నది.

"అవునమ్మా, తప్పు నాదే," అని ఆవిడ పుస్తకం మూసెయ్యబోయింది.

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. "3 1/2 అని రాయటం తప్పని ఎవరన్నారు? మూడున్నరను అట్లా రాయమని ఆరవ తరగతిలో నేర్పినవాణ్ణి నేను! ఆమె నేర్చుకున్నట్టే రాసింది. నీ యంత్రానికి అది రాకపోతే రాదని చెప్పాలి. చెప్పకుండా సగం మింగి, జవాబు ఎందుకు ఇచ్చింది?" అన్నాను.

మనవరాలు గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి భోజనాలయాక దాన్ని దగ్గిర కూచోబెట్టుకుని బాబేజ్ సంగతి చెప్పాను. చార్లెస్ బాబేజ్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు కంప్యూటర్లు పుట్టటానికి నూరేళ్ల ముందే పళ్లచక్రాలతో లెక్కలు చేసే యంత్రాలు ఊహించాడు. 1864లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన ఒక సంగతి రాశాడు. యంత్రంలో తప్పు అంకెలు వేస్తే ఒప్పు జవాబు వస్తుందా అని పార్లమెంటు సభ్యులు ఆయన్ని రెండుసార్లు అడిగారట. ఇంత గందరగోళపు ఆలోచన మనిషికి ఎట్లా వస్తుందో తనకు బోధపడలేదన్నాడు బాబేజ్. ఆ సభ్యులను తలుచుకుని లోకం ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నది.

"వాళ్లది తెలివితక్కువ ప్రశ్నే గదా?" అన్నది మనవరాలు.

"తొందరపడకు. అదే పుస్తకంలో ఇంకొకటి కూడా ఉన్నది," అన్నాను.

బాబేజ్ ఊహించిన పెద్ద యంత్రానికి మధ్యలో లాగరిథం పట్టికలోని అంకె ఒకటి అవసరమవుతుంది. అప్పుడు అది గంట కొట్టి, తనకు ఏ అంకె కావాలో చూపిస్తుంది. పక్కనున్న పనివాడు ఆ అంకె ఉన్న అట్టముక్కను వెతికి లోపల పెట్టాలి. పొరపాటున వేరే అట్ట పెడితే? యంత్రం దాన్ని మింగి ఊరుకోదు. తనకు కావలసినది ఇదేనా అని సరిచూసుకుంటుంది. కాకపోతే అంతకన్న గట్టిగా గంట కొట్టి ఆగిపోతుంది. పనివాడు వచ్చి చూస్తే, పట్టికలోని అంకె తప్పు అనే మాటలు కనిపిస్తాయి. ఆ యంత్రం పూర్తికాకుండానే 1871లో బాబేజ్ చనిపోయాడు. కాని తప్పు అంకె లోపలికి వచ్చేచోట ఒక కాపలా ఉండాలని ఆయన అప్పుడే కనిపెట్టాడు. తప్పు అంకెలకు ఒప్పు జవాబు రాదు, నిజమే. అయితే, "ఇది నాకు అర్థం కాలేదు" అన్న జవాబు రావచ్చునుగా!

మనవరాలు చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత లేచి కొత్త నోటుపుస్తకం తెచ్చి, మొదటి పేజీలో "తాతయ్య పరీక్షలు" అని రాసింది.

మర్నాటి నుంచి నేను అడ్డమైన లెక్కలన్నీ ఇవ్వటం, అది పేజీ మార్చటం, మళ్లీ నేను ఇవ్వటం. ఇద్దరికీ భోజనం వేళ తెలిసేది కాదు. మా ఆవిడ మాత్రం తాతామనవరాళ్లిద్దరికీ ఒకేసారి పిచ్చి పట్టిందన్నది.

మొదట పిల్ల ఒక సుళువు ఉపాయం పన్నింది. గడిలో అంకెలు తప్ప మరేమీ పడకుండా చేసే పద్ధతి బ్రౌజరులోనే ఉన్నదట. అది పెట్టింది. 1/2 కొడదామంటే గీత పడటంలేదు. కాని ఇంగ్లీషు ఇ అక్షరం మాత్రం పడుతున్నది! ఎంచేతనంటే చాలా పెద్ద అంకెలను శాస్త్రజ్ఞులు ఆ అక్షరం పెట్టి కుదించి రాస్తారు. 1, ఇ, 3 అని వరసగా రాస్తే వెయ్యి అని అర్థం. అది సరే. మూడున్నర రాయబోయిన మనిషికి గీత ఎందుకు పడటంలేదో ఎవరు చెబుతారు? కీబోర్డు చెడిపోయిందనుకుంటుంది. వచ్చినవాళ్ల మొహాన తలుపు వేసి, ఎందుకు వేశామో చెప్పకపోవటం లాంటిదే ఇది. ఆ ఉపాయం మానేసి మళ్లీ మామూలు గడులే పెట్టింది.

ఈసారి పార్స్‌ఫ్లోట్‌కు బదులు "నంబర్" అనే ఇంకో ఆజ్ఞ వాడింది. ఇది నిక్కచ్చి అయినది. గడిలో ఉన్నదంతా అంకె అయితేనే ఒప్పుకుంటుంది. 3 1/2 అంటే అంకె కాదు పొమ్మంటుంది. అమ్మయ్య అనుకుని, ఒక గడి ఖాళీగా వదిలేసి హెచ్చవేత నొక్కాను. జవాబు సున్న అని వచ్చింది! ఇంత నిక్కచ్చి ఆజ్ఞా ఖాళీ గడిని సున్నగా లెక్క కట్టేస్తుంది. బడికి రానివాడికీ, పరీక్ష రాసి సున్న తెచ్చుకున్నవాడికీ మా రిజిస్టరులో వేరే వేరే గుర్తులు ఉండేవి. ఇద్దరికీ సున్నే వేస్తే తల్లిదండ్రులు ఊరుకుంటారా? అందుచేత గడి ఖాళీగా ఉన్నదేమో ముందుగా చూడాలని పిల్ల రాసుకున్నది.

తరవాత సున్నతో భాగించి చూశాను. 5ను సున్నతో భాగిస్తే ఇంగ్లీషులో "ఇన్ఫినిటీ" అని వచ్చింది. సున్నను సున్నతో భాగిస్తే "నాన్" అని వచ్చింది. నాన్ అంటే హోటల్లో ఇచ్చే రొట్టె గదా అన్నాను. కాదట. "ఇది అంకె కాదు" అనే మాటకు ఇంగ్లీషు పొట్టి రూపమట.

ఇక్కడ నాకు పెద్దలు జ్ఞాపకం వచ్చారు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నను సున్నతో భాగిస్తే సున్నే వస్తుందన్నాడు. తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యుడు, ఏ అంకెనైనా సున్నతో భాగిస్తే ఆ అంకె మారదన్నాడు. మన పావులూరి మల్లన తెలుగు చేసినది ఈ మహావీరాచార్యుడి గణితగ్రంథాన్నే. పన్నెండవ శతాబ్దంలో భాస్కరాచార్యుడు, అట్లా వచ్చేదాన్ని ఖహరం అంటారనీ, అది అనంతమనీ అన్నాడు. ఇంతటి మహానుభావులు తలొక రకంగా చెప్పిన లెక్క ఇది! 1985లో కంప్యూటర్ల అంకెలకు ఏర్పరచిన నియమాలలో 5ను సున్నతో భాగిస్తే అనంతమనీ, సున్నను సున్నతో భాగిస్తే అంకె కాదనీ నిర్ణయించారు. నా పిల్ల యంత్రం ఆ నియమమే పాటించింది. కాని బట్టలు కుట్టే ఆవిడకు అనంతంతో ఏం పని? గుడ్డను సున్నమందికి పంచమంటే పంచటమే లేదు.

ఇది నవ్వి వదిలేసే సంగతి కూడా కాదు. 1997 సెప్టెంబరులో యార్క్‌టౌన్ అనే అమెరికా యుద్ధనౌక వర్జీనియా తీరం దగ్గర సముద్రంలో ఉండగా, దానిలో పనిచేసే ఒకరు కంప్యూటరులోని ఒక గడిలో సున్న వేశారు. ఆ సున్నతో లోపల భాగారం చెయ్యవలసి వచ్చి ప్రోగ్రాము తలకిందులైంది. ఓడలోని కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండటంచేత అన్నీ మూగబోయాయి. అంత ఓడా రెండు గంటలకు పైగా నీటిమీద కదలకుండా నిలిచిపోయింది. ఆ గడి దగ్గర "ఇక్కడ సున్న కుదరదు" అనే కాపలా ఒక్కటి లేదు.

మరొకనాడు పది పైసలూ ఇరవై పైసలూ కూడమని, 0.1, 0.2 వేశాను. 0.30000000000000004 అని వచ్చింది! ఇది మా పిల్ల తప్పు కాదు. 1ని 3తో భాగిస్తే మనకు 0.333 అని తెగకుండా పోతుంది గదా. కంప్యూటరు అంకెలన్నిటినీ సున్నలూ ఒకట్లతోనే రాసుకుంటుంది. ఆ పద్ధతిలో పదోవంతు కూడా అట్లాగే తెగదు. ఎక్కడో ఒకచోట కోసెయ్యాలి. ఆ కోసిన పీలిక చివర 4గా తేలింది. జవాబు చూపే ముందు పది స్థానాలకు సవరించమన్నాను. 0.3 అని బుద్ధిగా వచ్చింది.

తెలుగు అంకెలు ౧, ౨, ౩ కొట్టాను. యంత్రం వాటిని ఎరగదు. అవి కూడా అంకెలేనని మా పిల్లను ఒప్పించటానికే నాకు పావుగంట పట్టింది. ఒప్పుకున్న తరవాత మాత్రం, వాటిని 1, 2, 3గా మార్చే ముక్క తానే సరదాగా రాసింది.

ఇన్ని కాపలాలు పెట్టినాక, తప్పు కొట్టినప్పుడు ఏమవుతుందో చూద్దామని 12 పక్కన ఒక అక్షరం చేర్చి కొట్టాను. తెర మధ్య ఎర్రటి పెట్టె ఒకటి ఊడిపడింది. అందులో ఇంగ్లీషులో తప్పు అని ఉన్నది. అది మూసేసరికి రెండు గడులూ ఖాళీ అయిపోయాయి. రెండవ గడిలో నేను సరిగా కొట్టిన అంకె కూడా పోయింది.

ఆ ఎర్రపెట్టె చూస్తూ కొంతసేపు కూచున్నాను. పిల్లల నోటుపుస్తకాలలో నేను వేసిన ఇంటూ మార్కులు అట్లాగే ఉండేవి. ఎక్కడ తప్పో ఉండేది కాదు, ఏం చెయ్యాలో ఉండేది కాదు. అరవై పుస్తకాలు దిద్దాలి, తీరిక ఏదీ అని అనుకునేవాణ్ణి. మా పిల్ల యంత్రానికి తీరిక లేకపోవటమేమిటి?

"ఏ గడిలో తప్పో చెప్పు. అక్కడ ఏమి కనిపించిందో చెప్పు. ఎట్లా రాయాలో చెప్పు. తెలుగులో చెప్పు. సరిగా ఉన్న గడి జోలికి పోకు," అన్నాను.

పిల్ల ఆ ప్రకారమే చేసింది. పెట్టె తీసేసి, తప్పున్న గడి కిందనే మాటలు వచ్చేటట్టు పెట్టింది. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని కళ్లు కొందరికి ఉంటాయని వాళ్ల సైన్సు పాఠంలో చదివిందట. అందుకని రంగుతో ఊరుకోక, పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు కూడా పెట్టింది. అది నాకు తట్టలేదు.

ఇంకొక విషయంలో కూడా నేనే ఓడిపోయాను. 3 1/2ను 3.5గా తీసుకోవటం నేర్పింది గదా, మధ్యలో ఖాళీ మరిచిపోయి 31/2 అని కొట్టితే అది కూడా మూడున్నరే అనుకోమన్నాను.

"ముప్ఫై ఒకటిని రెండుతో భాగించమని కూడా కావచ్చు గదా, తాతయ్యా! అప్పుడు పదిహేనున్నర అవుతుంది. మనం ఊహించకూడదు, అడగాలి," అన్నది.

ఇప్పుడు 31/2 అని కొట్టితే, "మూడున్నరా, పదిహేనున్నరా?" అని అడుగుతుంది. జవాబు ఒక్కటే చూపకుండా, తాను ఏమి చదివిందో కూడా పక్కనే చూపుతుంది: 3.5 × 140 = 490 అని. మొదటి నుంచి ఈ ఒక్క పంక్తి ఉన్నట్టయితే, మొదటి బిల్లులోనే 3 × 140 అని కనిపించి, ఆవిడ ఆగిపోయి ఉండేది. కాపలాలన్నిటిలోకీ ఇదే గట్టిదని నా అభిప్రాయం.

డబ్బు సంగతి చెప్పలేదు గదూ? మా ఇంటి 70 రూపాయలు ఆ సాయంకాలమే ఇచ్చాను. మిగతా ఏడు ఇళ్లకూ మా పిల్ల ఆవిడ వెంట వెళ్లి, "లెక్క తప్పు చేసింది నా కాలిక్యులేటరు. అత్త తప్పేమీ లేదు," అని గడప గడపకూ చెప్పింది. నేను వెళ్లమనలేదు. ఆరు ఇళ్లవాళ్లు ఇచ్చారు. ఒకాయన మాత్రం, ఇచ్చిన బిల్లు ఇచ్చినట్టేనని తలుపు వేసుకున్నాడు. ఆ 70 తన డిబ్బీలోంచి తీసి ఇస్తానన్నది పిల్ల. ఆవిడ తీసుకోలేదు. "నా దగ్గర ఒక జాకెట్టు కుట్టటం నేర్చుకో, చెల్లు," అన్నది.

దసరా ముందు కొత్త పేజీని ఆవిడ ఫోనులో పెట్టటానికి ఇద్దరం వెళ్లాం. మిషను ఆపి, చేతులు తుడుచుకుని, ఫోను తీసుకున్నది. మేము చెప్పకుండానే మూడున్నర వేసింది. కాని ఈసారి 1/2 అని విడివిడిగా కొట్టలేదు. ఫోను కీబోర్డులో 1 మీద వేలు నొక్కి పట్టుకుంటే ½ అని ఒక్కటే గుర్తు వస్తుందని ఈలోపల ఎవరో చెప్పారట. 3½ అని కొట్టి, 140 వేసి, హెచ్చవేత నొక్కింది.

మా పిల్ల గతుక్కుమన్నది. "తాతయ్య పరీక్షలు" పుస్తకంలో ఇది లేదు.

మొదటి గడి కింద మాటలు వచ్చాయి. ఆవిడ కూడబలుక్కుని పైకి చదివింది: "మొదటి గడిలో ½ అనే గుర్తు ఉన్నది. అది నాకు తెలియదు. 3.5 అని గాని 3 1/2 అని గాని రాయండి."

ఇంకోసారి చదువుకున్నది. తరవాత నా వైపు తిరిగి నవ్వింది.

"చూశారా, మాస్టారూ, దానికే రాదట!"

మనవరాలు అప్పటికే సంచీలోంచి నోటుపుస్తకం తీసి రాసుకుంటున్నది. ఆవిడ ఫోను దాని చేతికి ఇచ్చి, మిషను ముందు కూచుంటూ, "అన్నీ దానికి నేర్పే బదులు, పావు, అర, ముప్పావు అని ఆ నాలుగు బటన్ల పక్కన ఇంకో మూడు బొత్తాలు కుట్టెయ్యరాదుటే? మేం కొలిచేది అట్లాగే గదా!" అన్నది.